ఏడాది రుసుముకు పాటలను లోకానికి పంపే సేవ: విజయనగరం నుంచి రెండేళ్ల అనుభవం

తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టి, తన డబ్బుతోనే రికార్డు చేయించుకునే గాయకుడి దగ్గర నుంచి స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ వంటి, ఫోనులో పాటలు వినిపించే వేదికలు నేరుగా పాట తీసుకోవు. మధ్యలో ఒక పంపిణీ సేవ ఉండి తీరాలి. ఏడాదికి ఇంత అని రుసుము తీసుకుని, ఎన్ని పాటలైనా అన్ని వేదికలకూ పంపిస్తామని, వచ్చిన రాయల్టీలో పైసా కూడా ఉంచుకోమని చెప్పే అటువంటి సేవ ఒకదానిని నేను రెండేళ్లుగా వాడుతున్నాను. కొన్ని ఫిర్యాదులు కూడా రాయవలసి ఉన్నందువల్ల దాని పేరు చెప్పడం లేదు. ఈ పద్ధతిలో నడిచే సేవల తీరు చాలావరకు ఒకటే గనుక, పేరు తెలియకపోయినా ఇలాంటి సేవ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఈ సమీక్ష పనికివస్తుంది.

నేను విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆ కళాశాలలో చదువుకునే రోజుల్లో ఘంటసాల గారు మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారన్న సంగతి మా ఊళ్లో సరళీస్వరాలతో పాటే చెబుతారు. పెద్దలు దానిని విద్య మీది పట్టుదలకు ఉదాహరణగా చెప్పేవారు గానీ, నాకు మాత్రం అది మొదటి నుంచీ జమాఖర్చుల సంగతిగానే వినిపించేది. ఇప్పుడు నా ఇల్లు ఉదయం సాయంత్రం చెప్పే పాఠాల మీద, పెళ్లి కచేరీల మీద, దసరా మండపాల మీద నడుస్తోంది. వీటికి తోడుగా ఉత్తరాంధ్ర పల్లెపదాల ఒరవడిలో సొంతంగా రాసి పాడుకున్న పాటలు రెండేళ్లలో పదకొండు ఈ సేవ ద్వారా బయటికి పంపాను. కాబట్టి ఇది సినిమాల్లో అవకాశాలు వెతుక్కునే యువకుడి సమీక్ష కాదు. జిల్లాలోనే ఉండి, పాటతోనే ఇంకాస్త సంపాదించుకోవాలని చూసే మనిషి లెక్క.

ముందుగా సేవ ఇచ్చిన మాట నిలబెట్టుకున్న చోట్లు చెప్పాలి. ఖాతా తెరవడం, పాట పంపడం కష్టం కాదు. పాట వేవ్ ఫైలుగాను, ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చదరంగాను ఉంటే చాలు. గాయకుడు, రచయిత, స్వరకర్త పేర్లు నింపి విడుదల తేదీ పెడితే, పాటకు పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఐఎస్ఆర్‌సీ సంకేతం దానంతట అదే వస్తుంది. ఆ సంకేతమే పాటకు ఆధార్ నంబరు వంటిది. ఏ దేశంలో ఏ వేదిక మీద ఆ రికార్డింగు మోగినా లెక్క దానికిందకే చేరుతుంది. గంటస్తంభం దగ్గరి చిన్న స్టూడియోలో పాటకు తొమ్మిది వేల రూపాయలు పెట్టి చేయించుకున్న రికార్డింగు, పంపిన అయిదారు రోజులకే మా అక్క కూతురి ఫోనులో మోగింది. పదకొండు పాటల్లో ఏ ఒక్కటీ వేదికలకు చేరకుండా దారిలో ఆగిపోలేదు. చెప్పిన తేదీ దాటి రాలేదు. అయితే విడుదల తేదీని పాట పంపిన రోజుకు మూడు నాలుగు వారాల తర్వాత పెట్టుకోవడమే మేలని ఆలస్యంగా తెలిసింది. స్పాటిఫైలో పాటల జాబితాలు కూర్చే సంపాదకులకు పాటను పరిచయం చేసుకునే అవకాశం విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు వరకే ఉంటుంది గనుక, ముహూర్తం చూసుకున్నట్టు రేపే విడుదల అని తొందరపడి నేను మొదటి మూడు పాటలకు ఆ అవకాశాన్ని చేతులారా పోగొట్టుకున్నాను.

ఇక తెలుగు విషయంలో ఈ సేవకు శ్రద్ధ లేదు. పాట పేరు తెలుగు లిపిలో ఇవ్వవచ్చునని ఫారంలో ఉంది గానీ, ఇచ్చిన తర్వాత రెండు వేదికలు దానిని వెనక్కి పంపాయి. ఇంగ్లిషు అక్షరాలలో రాస్తే, ఒకే పేరును నలుగురు నాలుగు రకాలుగా రాసి వెతుకుతారు. అంతకంటే పెద్ద చిక్కు గాయకుడి పేరుతో వచ్చింది. నా పేరు మన జిల్లాల్లో వీధికి ఇద్దరికి ఉండే పేరు కావడంతో, నా రెండో పాట కర్ణాటకలో భక్తిగీతాలు పాడే మరొకరి పేజీలోకి వెళ్లి కూర్చుంది. దానిని తిరిగి నా పేజీకి తెచ్చుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. సహాయ విభాగానికి రాసిన మొదటి మూడు ఉత్తరాలకు యంత్రం జవాబిచ్చింది. నాలుగోదానికి మనిషి జవాబిచ్చాడు గానీ నేను అడిగింది ఒకటి, అతడు చెప్పింది మరొకటి. ఇంటిపేరును ముందు చేర్చి, కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టిన తర్వాతే ఆ బాధ తీరింది. సూర్యనారాయణ, అప్పలనాయుడు, లక్ష్మి వంటి పేర్లున్నవారు మొదటి పాట పంపే ముందే ఊరి పేరో ఇంటిపేరో కలుపుకుని, మరెవరికీ లేని పేరు ఒకటి స్థిరపరచుకోవడం మంచిది.

ఇప్పుడు డబ్బు సంగతి. రెండేళ్లకు కలిపి నేను కట్టిన రుసుము 3,800 రూపాయలు. పదకొండు పాటల మీద అన్ని వేదికల నుంచి నా చేతికి వచ్చిన మొత్తం 3,140 రూపాయలు. అంటే స్టూడియో ఖర్చును పక్కన పెట్టినా ఇంకా 660 రూపాయలు నష్టంలోనే ఉన్నాను. ఈ సేవ ప్రకటనల్లో కనిపించే గాయకులందరూ నవ్వుతూ ఉంటారు. వారి పాస్‌బుక్కులు మాత్రం ఎక్కడా కనిపించవు.

తప్పంతా సేవదే అనడం న్యాయం కాదు. స్పాటిఫై 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కకట్టడం మానేసింది. నా పదకొండు పాటల్లో ఆ గీత దాటినవి మూడే. మిగిలిన ఎనిమిదింటినీ వినేవారు ఉన్నారు గానీ ఆ వినికిడికి అక్కడ వెల లేదు. అన్ని పాటలకూ కలిపి వెయ్యి చాలదు, ఒక్కొక్క పాటా విడివిడిగా వెయ్యి దాటాలి గనుక, నెలకొక పాట చొప్పున వదులుతూ పోతే ఆదాయం పెరుగుతుందన్న సలహా మనవంటివారికి ఎదురు తిరుగుతుంది. పన్నెండు పాటలు పలచగా వదలడం కంటే, నాలుగు పాటలు వదిలి ఒక్కొక్కదానిని మూడు నెలలు భుజాన వేసుకుని తిరగడమే లాభం. నేను రెండో ఏడాది ఇలా చేసిన తర్వాతే ఆ మూడు పాటలూ గీత దాటాయి.

డబ్బు చేతికి రావడంలో మరికొన్ని మెలికలున్నాయి. వేదికలు లెక్క తేల్చి సేవకు పంపడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సంక్రాంతికి మోగిన పాట డబ్బు ఉగాది దాటాక కనిపిస్తుంది. ఖాతాలో కనీస మొత్తం చేరేదాకా తీసుకోనివ్వరు. లెక్క డాలర్లలో ఉంటుంది. రూపాయల్లోకి మార్చేటప్పుడు కొంత, బదిలీ రుసుముగా కొంత పోతుంది కాబట్టి, చిన్న మొత్తాలను తరచుగా తీసుకోకుండా ఏడాదికి ఒకటి రెండుసార్లే తీసుకోవడం నయం. అమెరికా సేవ అయితే డబ్ల్యూ-8 బెన్ అనే పన్ను పత్రం నింపాలి. దానిలో పాన్ నంబరు ఇచ్చి భారత, అమెరికా దేశాల ఒప్పందాన్ని చూపిస్తే అక్కడి శ్రోతల నుంచి వచ్చిన రాయల్టీ మీద కోత 30 శాతానికి బదులు 15 శాతానికి తగ్గుతుంది. నేను ఆ పత్రాన్ని ఆరు నెలలు పట్టించుకోలేదు. పోయినది తక్కువే అయినా అది నా బద్ధకానికి కట్టిన పన్ను.

ఈ సేవలో నాకు బాగా నచ్చినది వాటాల ఏర్పాటు. పాట మీద వచ్చే డబ్బును గాయకుడు, వేణువు వాయించినవారు, తాళం వేసినవారు ఎవరికి ఎంత శాతమో ముందే రాసిపెడితే, డబ్బు వచ్చిన ప్రతిసారీ అది దానంతట అదే విడిపోయి వారి వారి ఖాతాల్లో పడుతుంది. మన దగ్గర పాట బాగా ఆడిన తర్వాత తగవు వచ్చేది ఇక్కడే. నోటిమాట మీద నడిచిన పనికి ఎవరి వాటా ఎంతో ఎవరికీ గుర్తుండదు. అయితే ఈ ఏర్పాటు ఈమెయిలు ఉన్నవారి కోసం చేసినది. నా పాటలు రెండింటికి గజపతినగరం వైపు నుంచి వచ్చిన, తప్పెటగుళ్లు అనే జానపద కళ తెలిసిన పెద్దాయన ఒకరు రేకు తప్పెట వాయించారు. ఆయనకు పదిహేను శాతం రాసి, ఖాతా ఎలా తెరవాలో ఫోనులో చూపించబోతే, "బాబూ, ఆ డబ్బులేటో నువ్వే అట్టిపెట్టీ, పండక్కి ఒకపాలి ఇచ్చీసీ" అన్నారు. అందువల్ల ఆయన వాటా నా దగ్గరే నోటుపుస్తకంలో ఉంటుంది. సేవ చేయలేని పనిని ఒక నోటుపుస్తకం చేస్తోంది.

ఇక ఈ సేవ చెప్పనిది, నాకు ఏడాది ఆలస్యంగా తెలిసినది ఒకటుంది. పాట ఒకటే అయినా దానిలో ఆస్తులు రెండు. రికార్డింగు ఒక ఆస్తి. సాహిత్యమూ స్వరమూ కలిసినది మరో ఆస్తి. పంపిణీ సేవ తెచ్చి ఇచ్చేది మొదటిదాని డబ్బు మాత్రమే. రచయితకు, స్వరకర్తకు రావలసిన రెండోదాని డబ్బును మన దేశంలో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వసూలు చేసి పంచుతుంది. ఐపీఆర్ఎస్ అని పిలిచే ఈ సొసైటీ 1969లో ఏర్పడింది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించిన తర్వాత, 2017లో కాపీరైటు సొసైటీగా మళ్లీ రిజిస్టరు అయింది. అందులో సభ్యులుగా చేరి, మన పాటల జాబితాను ఎవరు రాశారో ఎవరు స్వరపరిచారో వాటాలతో సహా నమోదు చేసుకోకపోతే, స్ట్రీమింగు వేదికలూ రేడియోలూ టీవీలూ రచనకు కట్టే డబ్బు మన పేరు మీద రాదు. పాడేవాడే రాసేవాడైనప్పుడు ఈ నమోదు చేసుకోకపోవడం, రెండు జేబులున్న చొక్కా వేసుకుని ఒక జేబును కుట్టేసుకోవడమే. ఏడాది రుసుము తీసుకునే సేవ, కొత్త సభ్యుడికి మొదటి రోజే ఈ ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

ఆ 2012 సవరణలోనే మన జిల్లాల రచయితలకు పనికివచ్చే సంగతి ఇంకొకటుంది. జానపద ఆల్బములు చేసేవారు అయిదు వేలో పది వేలో చేతిలో పెట్టి, సర్వహక్కులూ రాసిచ్చినట్టు స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామూలే. హక్కులు అమ్ముకున్నా, రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో రావలసిన సమాన వాటాను వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాగితం మీద వదులుకున్నట్టు రాసి ఉన్నా ఆ మాట చెల్లదు. అమ్మేసిన పాటలున్నవారు వాటిని మరచిపోకుండా, తమ పేరు మీద సొసైటీలో నమోదు చేయించుకునే ప్రయత్నం చేయాలి. అలాగని ఊళ్లో తరతరాలుగా పాడుతున్న పదాన్ని తన పేరు మీద రచనగా రాయించుకోవడం తప్పు. అటువంటి పదానికి మనం చేసుకున్న రికార్డింగు మనది, కొత్తగా కూర్చిన వాద్యసహకారం మనది. పదం మాత్రం ఊరిది. ఫారంలో రచయిత పేరు అడిగే గడిని అలాగే నింపాలి.

ఎక్కడ పాట మోగినా డబ్బు వస్తుందనుకోవడం కూడా పొరపాటే. దేవుడి ఉత్సవాల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాడుకోవడానికి కాపీరైటు చట్టమే మినహాయింపు ఇచ్చింది. మన పాటలు ఎక్కువగా మోగేది సరిగ్గా అక్కడే గనుక, మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా అన్ని మైకుల్లోనూ మన పాటే మోగినా దాని మీద రాయల్టీ రాదు. దానికి బాధపడవలసిన పని లేదు. రాయల్టీ రాని ఆ వినికిడే తర్వాత కార్యక్రమాలను తెస్తుంది.

యూట్యూబు విషయంలో ఈ సేవ అదనపు రుసుముతో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు అమ్ముతుంది. మన పాటను ఎవరైనా తమ వీడియోలో వాడుకుంటే దానిని గుర్తుపట్టి, ఆ వీడియో ప్రకటనల డబ్బును మనవైపు తిప్పుతుంది. అందులో సేవ కొంత శాతం ఉంచుకుంటుంది. సొంత రచనలకు ఇది పనికివచ్చింది. పెళ్లి వీడియోలు తీసేవారు నా పాట ఒకదానిని వాడుకుంటే, నెలల తరబడి చిన్న మొత్తాలు చేరాయి. కీర్తనల విషయంలో మాత్రం ఇదే ఏర్పాటు కత్తికి రెండో అంచు అయింది. నేను పాడిన త్యాగరాజ కృతి ఒకదాని మీద, అదే కృతిని ఎప్పుడో విడుదల చేసిన ఒక పెద్ద ఆడియో సంస్థ పేరున హక్కు ప్రకటన వచ్చింది. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. మన చట్టం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లే హక్కు నిలుపుతుంది. కాబట్టి కృతి మీద ఎవరికీ హక్కు లేదు, నా గొంతు రికార్డింగు నాది. అయినా యంత్రానికి రాగమూ తాళమూ ఒకేలా వినిపించాయి. అభ్యంతరం తెలిపితే ఎదుటివారు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇరవై ఎనిమిదో రోజున వారు ఆ హక్కు ప్రకటనను ఉపసంహరించుకున్నారు. నాకు ఈ పోరాటంలో పంపిణీ సేవ నుంచి అందిన సాయం సున్న. శాస్త్రీయ సంగీతం పాడేవారు కంటెంట్ ఐడీకి అదనపు రుసుము కట్టవద్దని నా గట్టి అభిప్రాయం. కృతులకు ఆ ఏర్పాటును తీసుకుంటే, రేపు మన పేరు మీదనే ఇంకొక పాపం తెలియని విద్యార్థికి అటువంటి హక్కు ప్రకటన వెళ్లవచ్చు.

సొంత యూట్యూబు ఛానల్ ఉండటం దీనికి వేరు. వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉంటే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌దే. అంతకంటే ముందే, 500 మంది చందాదారులు, మూడు వేల గంటలు, తొంభై రోజుల్లో మూడు వీడియోలు ఉంటే, సభ్యత్వాలు, ప్రత్యక్ష ప్రసారంలో ఇచ్చే కానుకలు వంటివి తీసుకోవడానికి అనుమతి వస్తుంది. నా ఛానల్ ఇప్పుడు ఈ మొదటి మెట్టు మీద ఉంది. ధనుర్మాసంలో రోజుకొక పాశురం చొప్పున తెల్లవారుజామున ప్రత్యక్షంగా పాడితే, ముప్పై రోజుల్లో వచ్చిన కానుకలు రెండేళ్ల స్ట్రీమింగు డబ్బును దాటిపోయాయి.

ఇంతవరకు చదివినవారు, నష్టం వచ్చిన సేవకు మళ్లీ రుసుము ఎందుకు కట్టానని అడగవచ్చు. సేవ లెక్కల పుటలో కనిపించని ఆదాయం వేరే దారిలో వచ్చింది గనుక కట్టాను. పాటలు వేదికల మీద ఉన్నందువల్ల ఇన్‌స్టాగ్రాం రీల్సు వాడకందారులకూ, కొందరి ఫోన్ల కాలర్ ట్యూన్లకూ అవి అందాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వెళ్లిన కుర్రవాళ్లు హైదరాబాదులో, చెన్నైలో కట్టడాల దగ్గర పనిచేస్తూ, ఊరిని తలచుకునే నా పాట ఒకదానిని రీల్సుకు పెట్టుకున్నారు. వారిలో ఒకరు సెలవుకు వచ్చినప్పుడు రథసప్తమికి అరసవల్లి దగ్గర ఏర్పాటు చేసిన కార్యక్రమానికి నన్ను పిలిపించారు. అక్కడి నుంచి టెక్కలిలో ఒకటి, పాలకొండలో ఒకటి. ఇలా పాట విని పిలిచినవారి వల్ల దొరికిన కార్యక్రమాలు రెండేళ్లలో ఆరు. వాటిలో ఏ ఒక్క కార్యక్రమం పారితోషికమైనా పదకొండు పాటల రెండేళ్ల స్ట్రీమింగు డబ్బు కంటే ఎక్కువే. ఇదివరకు ఎవరైనా కార్యక్రమానికి అడిగితే పాడిన వీడియో ఏదైనా పంపమనేవారు. ఇప్పుడు ఒక లింకు పంపితే, అన్ని పాటలూ ఒకచోట, ముఖచిత్రాలతో సహా కనిపిస్తాయి. బేరం కూడా దాని తర్వాత అంత కిందికి పోవడం లేదు. శాస్త్రీయ, జానపద కళారూపాల్లో ప్రదర్శనకు పారితోషికం లక్షన్నర దాటనంతవరకు జీఎస్టీ లేదన్నది కార్యక్రమం పెట్టేవారిలో చాలామందికి తెలియదు. బిల్లు విషయంలో వారు బెదిరితే ఈ సంగతి చెప్పడం పనికివస్తుంది.

కార్యక్రమం జరిగే చోట కూడా చిన్న ఏర్పాటు చేసుకున్నాను. మైకు స్టాండు పక్కన ఒక అట్ట మీద రెండు క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి: ఒకటి పాటలకు, ఒకటి కానుకకు. పూర్వం మెచ్చుకున్నవారు వేదిక ఎక్కి చొక్కాకు నోటు గుచ్చేవారు. ఇప్పుడు జేబులో నోటు ఉండదు గానీ ఫోను ఉంటుంది. పాటలు నింపిన పెన్‌డ్రైవులు కూడా వంద రూపాయలు లాభం ఉండేలా అమ్ముతాను. ట్రాక్టర్లలో, ఆటోల్లో పాటలు పెట్టుకునేవారికి అదే కావాలి. పట్నం మిత్రులు దీనిని విని నవ్వుతారు. నవ్వేవారి పాటలు ట్రాక్టర్లలో మోగవు.

విదేశాల్లోని తెలుగువారికి పాటలను నేరుగా అమ్ముకోవడానికి బ్యాండ్‌క్యాంపు వంటి చోట్లు కూడా ఉన్నాయి. అది డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం ఉంచుకుంటుంది, కొన్నవారు కావాలంటే అడిగిన వెల కంటే ఎక్కువ ఇవ్వవచ్చు. డబ్బు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా వస్తుంది. పేపాల్ 2021లో మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది గనుక, మన ఊరి శ్రోతకు అది పనికిరాదు. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న శ్రోతకే పనికివస్తుంది. నాకు అటువంటి శ్రోతల నుంచి పాటల కొనుగోలు కంటే పాఠాలే ఎక్కువ వచ్చాయి. స్పాటిఫైలో పాట విన్న అమెరికాలోని ఒక తల్లి, తన ఇద్దరు పిల్లలకు వారానికి రెండు రోజులు వీడియోలో పాఠం చెప్పమని అడిగారు. ఆ ఒక్క ఇంటి నుంచి నెలకు వచ్చేది, ఇక్కడ మా వీధిలో ఎనిమిదిమంది పిల్లల నుంచి వచ్చే దానికి సమానం.

కొనదలచినవారు ఒక షరతును మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఏడాది రుసుము కట్టడం మానేస్తే ఈ సేవ పాటలన్నిటినీ వేదికల మీద నుంచి దించేస్తుంది; దించకుండా శాశ్వతంగా ఉంచడానికి ఒక్కొక్క పాటకు వేరే రుసుము ఉంది. అంటే ఇది కొనుగోలు కాదు, అద్దె. ఏడాది రుసుము లేకుండా వచ్చిన రాయల్టీలో కొంత శాతం తీసుకునే సేవలు కూడా ఉన్నాయి. ఒకటి రెండు పాటలే ఉన్నవారికి, తర్వాతి పాట ఎప్పుడో తెలియనివారికి, ఆ శాతం పద్ధతే నయం. నాలుగైదు పాటలు ఉండి, ఏటా మరికొన్ని చేసేవారికి, ముఖ్యంగా సొంతంగా రాసుకుంటూ కార్యక్రమాలకు తిరిగేవారికి, ఈ అద్దె గిట్టుబాటు అవుతుంది. సినిమా పాటలను మళ్లీ పాడి పంపుదామనుకునేవారు మాత్రం రాకండి. ఆ పాటల రచనా హక్కులు మరొకరివి, అనుమతి లేకుండా పంపితే పాట దిగిపోవడమే కాదు, ఖాతా కూడా మూతపడవచ్చు.

అయిదు నక్షత్రాలకు నేను ఇచ్చేది మూడు. పంపడంలో కచ్చితత్వానికీ వాటాల ఏర్పాటుకూ ఆ మూడు. తెలుగు లిపి విషయంలో, సహాయ విభాగం విషయంలో రెండు కోత. మూడో ఏడాది రుసుము నిన్ననే కట్టాను. తప్పెటగుళ్ల పెద్దాయన వాటా నోటుపుస్తకంలో ఇప్పటికి నూట పన్నెండు రూపాయలు అయింది. ఆయన వాయించిన పాట విని వచ్చిన పాలకొండ కార్యక్రమంలో ఆయనకు ఇచ్చినది మూడు వేలు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ నూట పన్నెండును కూడా చేతిలో పెట్టి రావాలి.